రేల పూసింది... డోలు మోగింది!

వాషింగ్టన్‌లో చెర్రీ పూలు విచ్చుకునే వేళ జపాన్ సంస్కృతిని పదిమందికీ పరిచయం చేసేది కాలేజీ కుర్రకారు. భద్రాచలం అడవుల్లో రేల పూలు పూసే వేళ ఆ బాధ్యత మోస్తున్నది కోయ యువతరం. ఆటను చక్కగా అందిపుచ్చుకున్నారు. మరి కథో?

మార్చి వచ్చిందంటే భద్రాచలం ఏజెన్సీలో అడవి రంగు మారిపోతుంది. మోదుగులు ఎర్రగా మండిపోతుంటాయి. తెల్లవారేసరికి ఇప్పచెట్ల కింద పూలు పరుచుకుంటాయి. బుట్టలు పట్టుకుని ఇంటిల్లిపాదీ ఏరడానికి బయల్దేరతారు. ఎండలు ముదిరేకొద్దీ రేల చెట్లకు బంగారు గొలుసుల్లా పసుపుపచ్చ గుత్తులు వేలాడతాయి. కేరళవాళ్లు విషు పండుగనాడు దేవుడి ముందు పెట్టుకునేదీ, థాయ్‌లాండ్ జాతీయ పుష్పంగా చేసుకున్నదీ ఈ పువ్వునే. ఇక్కడి గూడేల్లో మాత్రం రేల అంటే పాట. 'రేలా' అన్న పిలుపు వినపడితే చాలు... కాళ్లు వాటంతటవే కదులుతాయి.

పూలు తెచ్చిన స్నేహం

పూలు పూయడాన్నే పండుగ చేసుకోవడం అనగానే ఎవరికైనా జపానే గుర్తొస్తుంది. టోక్యో మేయర్ యుకియో ఒజాకి 1912లో అమెరికా రాజధానికి 3,020 చెర్రీ మొక్కలు కానుకగా పంపించాడు. అంతకు రెండేళ్ల ముందు పంపిన రెండువేల మొక్కలకు చీడపీడలు పట్టి ఉండటంతో అక్కడి అధికారులు తగలబెట్టేశారు. అయినా చిన్నబుచ్చుకోకుండా మళ్లీ పంపారు! ఆ చెట్ల పుణ్యమా అని వాషింగ్టన్‌లో ఏటా వసంతోత్సవం జరుగుతోంది. కాలేజీ విద్యార్థులు కొందరు సుహృద్భావ రాయబారులుగా ఎంపికై, వచ్చినవారికి జపాన్ ఆచారాలూ కళల గురించి చెబుతారు.

కోయ కుర్రాళ్లను అలా ఎవరూ ఎంపిక చేయరు. పట్టాలివ్వరు. కానీ చేసేది అదే పని.

కొమ్ము కదిలితే...

తలపై అడవిదున్న కొమ్ములు, వాటికి నెమలి ఈకలు, మెడలో పొడవాటి డోలు. కొమ్ములతో ఒకరినొకరు ఢీకొంటూ మగవాళ్లు ఆడుతుంటే, భుజాల మీదుగా చేతులు పెనవేసుకుని ఆడవాళ్లు వలయంగా కదులుతారు. మనం కొమ్ము నృత్యం అంటాం. కోయలు 'పెర్మకోక్ ఆట' అంటారు. ఒకప్పుడిది పెళ్లిళ్లకూ, పండుగలకూ గూడెం నడుమ సాగేది. ఇప్పుడు ప్రభుత్వ వేడుకలకూ, ప్రముఖుల స్వాగతాలకూ ఈ ఆట ఉండాల్సిందే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిదున్న వేట నేరం. అందుకే తాతల నాటి కొమ్ముల్ని ప్రాణంలా దాచుకుంటారు.

సరిహద్దు దాటినా ఇదే సందడి. 2025 వసంతంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'బస్తర్ పండుం' పేరిట ఉత్సవాలు జరిపింది. పండుం అంటే పండుగ. భద్రాచలం చుట్టుపక్కల కోయలదీ అదే మాట. మామిడికాయను వేల్పుకు పెట్టనిదే నోట పెట్టరు... అది మర్క పండుం. తొలకరికి ముందు విత్తనాలకు పూజచేస్తారు... అది విజ్జ పండుం.

కథ చెప్పేదెవరు?

ఆట వేదికనెక్కింది, బాగుంది. కానీ వేదికపై దొరికేది పది నిమిషాలు. కోయల చరిత్ర పది నిమిషాల్లో అయిపోయేది కాదు. ఏ గట్టువాళ్లు ఎక్కడినుంచి వచ్చారు, వాళ్ల వేల్పులెవరు, సమ్మక్క సారలమ్మలు ఎలా పోరాడారు... ఇదంతా తెల్లవార్లూ పాడేది డోలీలు. బొమ్మలున్న పొడవాటి గుడ్డ జెండా 'పడిగె'ను పరిచి, డోలు వాయిస్తూ కథ నడిపిస్తారు. పుస్తకం లేదు, అంతా నోటికి రావాల్సిందే.

అలాంటి కళాకారుడే సకిని రామచంద్రయ్య. ఊరు మణుగూరు మండలంలోని కూనవరం. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ, తెలుగులోనూ పాడగల దిట్ట. 2022లో పద్మశ్రీ వరించింది. మూడేళ్లు తిరగకుండానే, 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబరులో ఆదిలాబాద్ అడవుల గుస్సాడీ గురువు కనకరాజు కూడా వెళ్లిపోయారు. ఆయన దగ్గర గుస్సాడీ నేర్చుకున్న పిల్లలున్నారు. అడుగులు చూసి నేర్చుకోవచ్చు. రాత్రంతా సాగే కథను నేర్చుకోవాలంటే మాత్రం ఏళ్ల తరబడి గురువు పక్కన కూర్చోవాలి. చదువుకోసం హాస్టళ్లకు, పనికోసం పట్నాలకు వెళ్లే పిల్లలకు ఆ తీరికెక్కడిది?

పైగా చింతూరు, వరరామచంద్రాపురం వైపు గూడేలను పోలవరం ముంపు వెంటాడుతోంది. కొత్త కాలనీలో ఇల్లు దొరుకుతుంది. వేల్పు కొలువున్న చెట్టూ, ఆటలాడిన బయలూ వెంట రావు కదా!

నాలుగు లక్షల గొంతులు

ఆశ లేకపోలేదు. 2011 జనాభా లెక్కల్లో కోయ మా మాతృభాష అని చెప్పినవారు నాలుగు లక్షల పైచిలుకు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నపిల్లలకు చదువు మొదలుపెట్టినప్పుడు అందులో కోయకూ చోటు దక్కింది, తెలుగు లిపిలో. ఇప్పుడు సెల్‌ఫోన్ లేని కుర్రాడు అరుదు. ఆటను వీడియో తీసే చేతులే అవ్వాతాతల కథల్నీ పట్టుకుంటే, నేర్చుకోవాలనుకునే మరో పిల్లవాడికి అదే గురువవుతుంది. అయితే రికార్డు చేయడం సగం పనే. మళ్లీ పాడే గొంతు కావాలి.

ఈసారి సీతారాముల కల్యాణానికి భద్రాచలం వెళ్తే, ముత్యాల తలంబ్రాలు అందుకున్నాక ఐటీడీఏలోని గిరిజన మ్యూజియంలోకీ ఓసారి తొంగిచూడండి. దారిలో ఎక్కడైనా కొమ్ము నృత్యం కనిపిస్తే ఫొటో దిగి వచ్చేయకండి. 'ఈ పాట దేని గురించి తమ్ముడూ?' అని డోలు పట్టిన కుర్రాణ్ని అడగండి. అతనికి తెలిస్తే మీకు చెబుతాడు. తెలియకపోతే, ఆ రాత్రే వెళ్లి వాళ్ల తాతను అడుగుతాడేమో!