చేతికి పని తగ్గించిన కర్ర

నల్గొండలో మా ఇంటి వసారాలో షాబాద్ బండల మీద పాత జంపఖానా పరిచి, దాని ఒక కొసన సుద్దముక్కతో 108 మిల్లీమీటర్ల వెడల్పున సున్నా గీశాను. గోల్ఫ్ మైదానంలో బంతి పడాల్సిన గుంట వెడల్పు అంతే. ఎనిమిది అడుగుల ఇవతల బంతి పెట్టి, కాలిఫోర్నియా నుంచి మా మేనల్లుడు తెచ్చిన పుట్టర్ చేతికి తీసుకున్నాను. పుట్టర్ అంటే గుంటకు దగ్గరగా వచ్చిన బంతిని నేల మీద దొర్లించడానికి వాడే కర్ర. పదిసార్లు కొడితే ఏడుసార్లు బంతి సున్నాలోంచి పోలేదు. జంపఖానాలో నేసిన ఎర్రచార తిన్నగా ఉంది కాబట్టి తప్పు ఎటు జరుగుతోందో దాచినా దాగదు. ఏడుసార్లూ ఎడమకే.

"మామా, చేతులు మార్చు. ఎడమది కిందికి తే, కుడిది పైకి పోనియ్యి" అన్నాడు మేనల్లుడు.

"నాది కుడిచేతి వాటం గదరా. గట్లెట్ల పట్టుకుంటరు?"

"పట్టుకొని సూడు ఒకసారి."

పట్టుకున్నాను. బంతి ఎంత దూరం పోతుందన్న అంచనా పూర్తిగా చెడింది. సగంలోనే ఆగిపోయినవి కొన్ని, గోడ దాకా పోయినవి కొన్ని. కానీ ఎర్రచారను వదిలి ఎడమకు పోవడం చాలా మటుకు తగ్గింది. చేతులు అవే, కర్ర అదే, కళ్లు అవే. మారింది పట్టు ఒక్కటే. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని, ఇది ఎందుకు జరిగిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

ముందు లెక్క చూద్దాం. దొర్లే బంతి ఎటు బయలుదేరుతుందన్నది చాలా వరకు ఒక్క విషయం మీద ఆధారపడుతుంది: బంతిని తాకిన క్షణంలో కర్ర ముఖం ఎటు చూస్తోంది? ఎనిమిది అడుగుల దూరంలో ఆ ముఖం ఒక డిగ్రీ పక్కకు తిరిగితే బంతి 43 మిల్లీమీటర్లు తప్పుతుంది. గుంట నడుమ నుంచి అంచు దాకా ఉన్నది 54 మిల్లీమీటర్లు. అంటే మెల్లగా కొడితే ఒక డిగ్రీ తప్పును గుంట క్షమిస్తుంది, డిగ్రీన్నర తప్పును క్షమించదు. గోడ గడియారంలో నిమిషాల ముల్లు పావు నిమిషంలో కదిలే కోణమే డిగ్రీన్నర. దాన్ని కంటితో పట్టుకోలేం. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే మేటి ఆటగాళ్లు కూడా ఎనిమిది అడుగుల నుంచి దాదాపు రెండుసార్లకు ఒకసారే గుంటలో వేయగలుగుతారంటే కారణం ఇదే.

ఆ డిగ్రీన్నరను తిప్పేది ఎవరు? ఎక్కువగా కుడిచేయి. మామూలు పట్టులో కుడిచేయి కింద, కర్ర తలకు దగ్గరగా ఉంటుంది. అన్నం కలిపేది, సుద్దముక్క పట్టేది, తాళం తిప్పేది అదే చేయి. సన్నటి పనులన్నీ తెలిసిన ఆ వేళ్లు ఊరికే ఉండవు. బంతి దగ్గరికి రాగానే ఒక్క తోపు తోస్తాయి. ఆ తోపుకు ఎడమ మణికట్టు వెనక్కి విరుగుతుంది, కర్ర ముఖం ఎడమకు మూసుకుంటుంది. ఎడమచేతిని కిందికి తెచ్చినప్పుడు ఎడమ ముంజేయి, మణికట్టు, కర్ర దాదాపు ఒకే గీతలోకి వస్తాయి. మణికట్టు విరగడం కష్టమవుతుంది. భుజాలు రెండూ సమానమై, కర్ర గడియారం లోలకంలా భుజాల నుంచి ఊగుతుంది. చేతికి ఉన్న నేర్పు పోదు, ఆ నేర్పు వేలు పెట్టే సందు మాత్రం పోతుంది.

పుట్టర్ చరిత్ర చదివిన కొద్దీ నాకు కనిపించింది కూడా ఇదే. నూటఇరవై ఏళ్లుగా ఆ కర్ర మారుతూ వచ్చిందంతా చేతికి పని తగ్గించడం కోసమే.

ఈ కథలో ఇద్దరు ముఖ్యులు ఇంజినీర్లు. విచిత్రంగా ఇద్దరూ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసినవాళ్లే. మొదటివాడు ఆర్థర్ నైట్. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ అతని ఊరు. అప్పటి పుట్టర్లకు కాడ ఒక చివర ఉండేది, మన హాకీ కర్రలాగా. నైట్ 1902లో కాడను దాదాపు తల నడుమకు తెచ్చి కొత్త పుట్టర్ చేశాడు, మరుసటి ఏడాది పేటెంట్ పొందాడు. 1904లో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికా ఆటగాడు ఇంగ్లండ్‌లో ఆ షెనెక్టడీ పుట్టర్‌తోనే బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాడు. 1910లో గోల్ఫ్ నియమాలు రాసే సెయింట్ ఆండ్రూస్ క్లబ్ పెద్దలు నడుమ కాడ ఉన్న కర్రలను నిషేధించారు. ఆ నిషేధం 1952 దాకా పోలేదు. ఒక పనిముట్టు మనిషికి మరీ ఎక్కువ సాయం చేస్తోందని ఆట పెద్దలు జంకడం అప్పుడు మొదలైంది, ఆ తర్వాత మళ్లీ మళ్లీ జరిగింది.

రెండోవాడు కార్స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన చెప్పులు కుట్టే ఇంటి బిడ్డ. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టి, తన బంతులు గుంటలో పడకపోవడానికి తప్పు చేతిది ఒక్కటే కాదు, కర్రది కూడా అని నమ్మాడు. 1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, తన ఇంటి గ్యారేజీలో, తలలోని బరువును నడుమ నుంచి తీసి రెండు కొసలకూ చేర్చిన పుట్టర్ తయారుచేశాడు. బంతి తగలగానే అది 'పింగ్' మని మోగేది. ఆ మోతే దాని పేరయింది, తర్వాత కంపెనీ పేరయింది.

బరువు కొసలకు చేరిస్తే ఏమవుతుందో తెలియాలంటే కావడి మోసినవాళ్లను అడగాలి. రెండు కుండలు నడుం దగ్గర పెట్టుకున్న మనిషి గిర్రున తిరగగలడు. అవే కుండలు కావడిబద్ద రెండు చివర్లకూ వేలాడితే ఒక్కసారిగా తిరగలేడు. బద్ద మొండికేస్తుంది. మొత్తం బరువు మారలేదు, ఎక్కడుందన్నదే మారింది. భౌతికశాస్త్రంలో దీన్ని జడత్వ భ్రామకం అంటాం. బంతి పుట్టర్ నడుమ కాకుండా కాస్త పక్కన తగిలినప్పుడు మామూలు తల మెలి తిరుగుతుంది. కావడిలాంటి తల మెలి తిరగడానికి మొరాయిస్తుంది, బంతి అనుకున్న దారినే పోతుంది. 1966లో సోల్‌హైమ్ దీన్ని ఇంకా మెరుగుపరిచాడు. ఆలోచన తట్టినప్పుడు చేతికి అందిన గ్రామఫోను రికార్డు అట్ట మీదే బొమ్మ గీశాడు. 'ఆన్సర్' అని పేరు పెట్టమన్నది భార్య లూయీస్. ఇంగ్లీషు అక్షరాలన్నీ చెక్కడానికి చోటు చాలకపోతే మధ్యలో ఒకటి తీసేయమన్నదీ ఆమే. ఇవాళ ప్రపంచంలో ఎవరు పుట్టర్ చేసినా ఆ ఆకారాన్ని ఎక్కడో ఒకచోట తలుచుకోవాల్సిందే.

కర్ర తల ఇలా బాగుపడ్డాక మిగిలింది చెయ్యి.

ఇక్కడ జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఇరవై ఏళ్లు నిండకముందే అతనికి యిప్స్ అనే బాధ పట్టుకుంది. మూడడుగుల దూరంలో గుంట ఎదురుగా ఉంటుంది, చిన్నపిల్లలు కూడా వేయగలరు, కానీ కర్ర కదిలే క్షణంలో చెయ్యి తనంతట తాను గుంజుకుంటుంది. భయం వల్ల వచ్చే వణుకే అనుకునేవారు అందరూ. కొందరిలో అది నిజమే. అయితే మాయో క్లినిక్ పరిశోధకులు ఆటగాళ్లను పరీక్షించి, మరికొందరిలో ఇది ఫోకల్ డిస్టోనియాకు చెందినదని తేల్చారు. ఏళ్ల తరబడి ఒకే సన్నటి కదలికను చేసీ చేసీ, మెదడులో ఆ కదలిక తాలూకు ఆదేశాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వంగాల్సిన కండరమూ చాపాల్సిన కండరమూ ఒకేసారి బిగుస్తాయి. రాతగాళ్లకు, వీణ, వయొలిన్ వాయించేవాళ్లకు వచ్చేది కూడా ఇదే జాతి జబ్బు. పరీక్షల కాలంలో జవాబుపత్రాల కట్టల ముందు కూర్చున్నప్పుడు నా బొటనవేలు కూడా పెన్ను మీద బిగుసుకుపోయి విడవకపోవడం నాకు గుర్తుంది.

ఈ జబ్బులో ఒక వింత ఉంది. అది చేతిని పట్టుకోదు, పనిని పట్టుకుంటుంది. కలం పట్టినప్పుడు బిగిసే వేళ్లు బొత్తాలు హాయిగా పెట్టుకుంటాయి. కాబట్టి పట్టు మారిస్తే మెదడుకు అది వేరే పని. పాత ఆదేశాల చిక్కుముడి దాని జోలికి రాదు, కనీసం కొంతకాలం. లాంగర్ 1985లో మాస్టర్స్ అనే పెద్ద పోటీ గెలిచినప్పుడు దగ్గరి పుట్‌లకు, అంటే పుట్టర్‌తో దొర్లించే దెబ్బలకు, ఎడమచేయి కింద పెట్టాడు, దూరపు వాటికి మామూలు పట్టే. యిప్స్ మళ్లీ వచ్చింది. కాడను ఎడమ ముంజేతికి ఆనించి, కుడిచేత్తో కాడనూ ముంజేతినీ కలిపి పట్టుకుని, 1993లో మళ్లీ మాస్టర్స్ గెలిచాడు. తర్వాత చీపురుకర్రంత పొడవైన పుట్టర్‌కు మారాడు. ఒక మనిషి తన చేతితో ఇన్నిసార్లు కొత్తగా సంధి చేసుకోవడం నన్ను కదిలిస్తుంది.

ఇంకో పట్టు గద్దగోరు. ఎడమచేయి మామూలుగానే పట్టుకుంటుంది. కుడిచేయి మాత్రం పెన్సిలో, రంగుల కుంచెనో పట్టినట్టు బొటనవేలికీ వేళ్లకూ నడుమ కాడను తేలిగ్గా ఆనించుకుంటుంది. తోసే బలం దానికి ఇక ఉండదు. 2000 ప్రాంతంలో క్రిస్ డిమార్కో దీన్ని అందరికీ తెలిసేలా చేశాడు. 2024 డిసెంబరులో, అప్పటికే ప్రపంచ మొదటి ర్యాంకులో ఉన్న స్కాటీ షెఫ్లర్ దగ్గరి పుట్‌లకు ఈ పట్టులోకి మారాడు, దూరపు వాటికి పాత పట్టు ఉంచుకున్నాడు. 2025లో పీజీఏ చాంపియన్‌షిప్, ఓపెన్ చాంపియన్‌షిప్ రెండూ గెలిచాడు. దగ్గరికో పట్టు, దూరానికో పట్టు: నలభై ఏళ్ల కింద లాంగర్ చేసిందే. దూరం అంచనా వేయడానికి కుడిచేతి వేళ్ల స్పర్శ కావాలి, దిశ తప్పకుండా ఉండడానికి అదే స్పర్శ అడ్డు. నా జంపఖానా మీద జరిగింది కూడా సరిగ్గా ఇదే.

చేతిని ఇలా ఉద్యోగంలోంచి తప్పిస్తూ పోతే ఎక్కడ ఆగాలి? పొడవు పుట్టర్ పైకొసను రొమ్ముకో పొట్టకో ఆనించి, దాన్ని తలుపు బందులా వాడేవాళ్లు పెరిగారు. 2011లో కీగన్ బ్రాడ్లీ అలా ఆడి పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచాడు. 2012లో వెబ్ సింప్సన్, ఎర్నీ ఎల్స్, 2013లో ఆడమ్ స్కాట్ అదే దారిలో పెద్ద పోటీలు గెలిచారు. 2016 జనవరి 1 నుంచి ఒంటికి ఆనించడం నిషేధమైంది. పొడవు కర్ర ఉండొచ్చు, ఒంటికి ఆనించి పట్టకూడదు. ఆ నియమంలోనే పొడవు కర్రతో కుదురుకున్న లూకస్ గ్లోవర్, దాదాపు పదేళ్లు యిప్స్‌తో బాధపడ్డాక, 2023 ఆగస్టులో వరసగా రెండు వారాలు రెండు పోటీలు గెలిచాడు.

నిషేధం మీద గోల్ఫ్ లోకంలో చాలా వాదన జరిగింది. నాకైతే అది సబబే అనిపిస్తుంది. ఆటలో మనిషి చెయ్యి తడబడే అవకాశం కొంతైనా మిగలాలి. అయితే ఇది ఆట మాట. పని మాట వచ్చేసరికి నా మనసు మా జిల్లాకే పోతుంది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా పేర్చిన మేకులు. ఇల్లాలు నూలుపోగు పట్టుకుని ఒంటి మేకు నుంచి అవతలి మేకుకు, అక్కణ్నుంచి ఇవతలికి చెయ్యి ఊపుతూనే ఉంటుంది. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు. సాయంత్రానికి భుజం ఎత్తరాదు. అప్పటి నల్గొండ జిల్లా, ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి శ్రమపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ భుజానికి ఎంత పని తగ్గిస్తే అంత మేలు. అక్కడ ఎవరూ గీత గీసి ఆగమనడానికి వీల్లేదు.

మేనల్లుడికి ఈ గోల్ఫ్ పిచ్చి పట్టింది సాహిత్ తీగల వల్ల. హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగు దంపతులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన కుర్రాడు. వెన్నెముక వంకర ఉన్నా ఆడుతూ, పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో ఉండగానే 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని పెద్ద అవార్డులు అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫార్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి గెలుపు సాధించాడు. అతను ఆడేది పింగ్ కంపెనీ పరికరాలతో, అంటే సోల్‌హైమ్ గ్యారేజీలో మొదలైన కర్రల వంశంతో. మన దగ్గర గోల్కొండ నయాఖిల్లా గోడల పక్కనే పద్దెనిమిది గుంటల మైదానం ఉంది, అక్కడ వృత్తి ఆటగాళ్ల పోటీలు జరుగుతున్నాయి. వచ్చే సెలవుల్లో అక్కడికి తీసుకుపోతానని మేనల్లుడు మాటిచ్చాడు.

అతను వెళ్లిపోయి నెల దాటింది. జంపఖానా ఇంకా వసారాలోనే ఉంది. ఎనిమిది అడుగులకు ఎడమచేయి కింద. గుమ్మం నుంచి ఇరవై అడుగులకు మాత్రం మళ్లీ కుడిచేయే కింద. నిన్న పొద్దున పది దెబ్బల్లో ఆరు సున్నాలోంచి పోయాయి. తప్పినవి నాలుగూ రెండేసి చొప్పున ఎర్రచారకు అటూ ఇటూ పడ్డాయి.