సాలార్ జంగ్ వస్తువులు ఎవరికి మిగిలాయి?

మన హాస్టల్లో ట్రంకు పెట్టెలు తెరిచి చూస్తే చాలు, ఎవరికి ఏ పిచ్చి ఉందో తెలిసిపోతుంది. ఒకరు నెమలి ఈకలు దాస్తారు. ఒకరు శుభలేఖల మీద బొమ్మలు కత్తిరించి దాస్తారు. వార్డెన్ మేడం చూస్తే "ఈ చెత్తంతా ఎందుకే" అంటారు. అలాంటి పిచ్చే బోలెడు డబ్బున్న మనిషికి పట్టి, 35 ఏళ్ళు వదలకపోతే ఏమవుతుందో చెప్తాను. సోషల్ మేడం ఇచ్చిన పుస్తకం చూసి రాస్తున్నాను.

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. అందరూ మూడో సాలార్ జంగ్ అంటారు. సాలార్ అంటే సేనాపతి, జంగ్ అంటే యుద్ధం. ఇది వాళ్ళ ఇంటికి వచ్చిన బిరుదు. పేరులో యుద్ధం ఉంది గానీ ఈయన పేరు నిలిచింది యుద్ధాల వల్ల కాదు. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరక్కుండానే నాన్న చనిపోయారు. తాతగారు మొదటి సాలార్ జంగ్ 1853 నుంచి 1883 దాకా హైదరాబాదు రాజ్యానికి దివాను. దివాను అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటివారు అనుకోండి. ఈయన్ని కూడా 1912లో ఏడో నిజాం ప్రధానిగా పెట్టుకున్నారు. అప్పటికి ఈయన వయసు 23. రెండేళ్ళకే, 1914లో, ఆ పని వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఇంక అక్కడ్నుంచి 1949లో చనిపోయేదాకా వస్తువులు కొనడమే.

ఏం కొన్నారు అంటే ఏం కొనలేదు అని అడగాలి! చైనా పింగాణీ, పచ్చరాతి బాకులు, పెర్షియా తివాచీలు, దంతం కుర్చీలు, చేతికర్రలు, ఆటబొమ్మలు. అరబ్బీ, పారసీ, ఉర్దూ చేతిరాత పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. దంతం కుర్చీలు ఫ్రాన్సు రాజు 16వ లూయీ టిప్పు సుల్తానుకి పంపినవని చెబుతారు. ఒక గడియారం ఉంది. అందులో చిన్న కమ్మరి బొమ్మ ప్రతి సెకనుకీ సుత్తితో కొడుతూనే ఉంటాడు. గంట అయ్యేసరికి ఇంకో బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. దాన్ని చూడ్డానికి జనం ముందే వచ్చి కూర్చుంటారంట. మన స్టడీ అవర్ బెల్లు కోసం అలా ఎవరూ ఎదురుచూడరు.

ఒక చెక్క బొమ్మ ఉంది. ముందు నుంచి చూస్తే దెయ్యం లాంటి మగమనిషి, వెనక నుంచి చూస్తే తల వంచుకున్న అమ్మాయి. రెండూ ఒకే దుంగలో చెక్కారు. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. అన్నిటికంటే పేరున్నది మాత్రం ముసుగు రెబెక్కా. బైబిలు చదివేవాళ్ళకి తెలుసు, ఇస్సాకు భార్య రిబ్కా, ఆవిడే. బెంజోనీ అనే ఇటలీ శిల్పి పాలరాతిలో చెక్కాడు. ముఖం మీద ముసుగు, ముసుగులోంచి కళ్ళూ ముక్కూ కనిపిస్తాయి. తడి గుడ్డ కప్పినట్టు ఉంటుంది, కానీ ఆ గుడ్డ కూడా రాయే. పుస్తకంలో ఫోటో చూసి నేను నమ్మలేదు. దీన్ని కొన్నది మాత్రం తాతగారు, 1876లో.

ఇంత డబ్బు ఎక్కడిది? ఇది నేను మేడంని అడిగాను. జాగీర్లు అన్నారు. జాగీరు అంటే రాజు ఇచ్చిన ఊళ్ళు. ఆ ఊళ్ళ శిస్తు రాజుకి కాదు, జాగీర్దారుకి వెళ్తుంది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న కొప్పళ కూడా సాలార్ జంగ్‌ల జాగీరే. అంటే రెబెక్కా ముసుగులో రైతుల జొన్నలు కూడా ఉన్నాయన్నమాట. అలా అని ఆయన్ని తిట్టాలని కాదు. ఆ డబ్బుతో ఇంకేం చేసినా ఈరోజు మనకి చూడ్డానికి ఏమీ మిగలదు కదా. కానీ ఎవరిది అని అడిగినప్పుడు ఆ రైతుల్ని కూడా లెక్కలో వెయ్యాలి అని నాకనిపిస్తుంది.

ఫ్రాన్సులో కూడా ఇలాంటి ఆయన ఒకరున్నారు. ఒమాల్ ప్రభువు హెన్రీ, రాజుగారి కొడుకు, 1822లో పుట్టారు. ఈయన నిజం సైనికుడే. 1843లో అల్జీరియాలో అబ్దుల్ ఖాదర్ అనే నాయకుడి గుడారాల ఊరిని ఒక్క దెబ్బతో పట్టుకున్నారు. (అబ్దుల్ ఖాదర్ తన నేల కోసం పోరాడినవాడు, మన సీతారామరాజు లాగ. కాబట్టి ఆ గెలుపు నాకు నచ్చలేదు.) 1848లో తండ్రి రాజ్యం పోయింది, ఈయన ఇంగ్లండు వెళ్ళిపోయి అక్కడ పుస్తకాలు, బొమ్మలు కొన్నారు. భార్య పోయింది, ఎదిగిన ఇద్దరు కొడుకులూ పోయారు. అప్పుడు శాంటిలీ అనే తన కోటనీ, అందులో వస్తువులన్నిటినీ 1886లో దేశంలోని పండితుల సంస్థకి రాసిచ్చేశారు. షరతు ఏమిటంటే ఏదీ బయటికి అరువు ఇవ్వకూడదు, పెట్టిన చోటు నుంచి కదపకూడదు. 1897లో చనిపోయారు, మరుసటి ఏడు జనానికి తలుపులు తీశారు.

సాలార్ జంగ్ అలా కాయితం రాయకుండానే 1949 మార్చి 2న చనిపోయారు. పిల్లలు లేరు. హైదరాబాదు ఇండియాలో కలిసి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. వస్తువులన్నీ తలో చెయ్యీ పడి పోయేవే. కొన్ని పోయాయని కూడా అంటారు. అప్పటి ప్రభుత్వం ఆస్తి చూడ్డానికి కమిటీ వేసింది. ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే మ్యూజియం పెట్టారు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు వచ్చి తెరిచారు. 1958లో వారసులు ఒప్పుకుని వస్తువుల్ని ప్రభుత్వానికి వదిలేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. తునిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. టిక్కెట్టు కొంటే నవాబు ఇంట్లో వస్తువులు మనమూ చూడొచ్చు. ఒకప్పుడు మన లాంటివాళ్ళని ఆ గుమ్మం దగ్గరికి రానిచ్చేవారా?

మన వాళ్ళ వస్తువులకి కూడా అరకులో గిరిజన మ్యూజియం ఉంది. అది మంచిదే. కానీ నాకు ఒకటి తోస్తుంది. రెబెక్కాని బెంజోనీ చెక్కాడని 150 ఏళ్ళ తరవాత కూడా అందరికీ తెలుసు. మా ఇంట్లో చోడి అంబలి పోసుకునే ఆనపబుర్ర ఉంది. దాని మీద గీతలు కాల్చి వేసింది ఎవరో మా అమ్మకి తెలీదు. అమ్మమ్మకి తెలుసేమో. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు అడుగుతాను. మీ ఇళ్ళలో విల్లు, బుట్ట, డప్పు, కడియం ఏదున్నా, ఎవరు చేశారో, మీ భాషలో దాన్ని ఏమంటారో కాయితం మీద రాసి తెండి. బొమ్మ గియ్యడం రాకపోతే పర్వాలేదు, తొమ్మిదో తరగతి వాళ్ళం గీస్తాం. వచ్చే గోడపత్రికలో అవే పెడతాం.