అరిచింది బుడ్డోడు... జడుసుకున్నది మీరు!

మీకు తెలుసా? రాత్రి పదిన్నరకి గభాలున లేచి కూర్చుని, కళ్లు ఇంతింత చేసుకుని కెవ్వుకెవ్వుమనే పిల్లాడు అప్పటికీ నిద్రలోనే ఉంటాడు! ఒళ్లంతా చెమటలు, గుండె దడదడ, దగ్గరికొచ్చిన అమ్మనే నెట్టేస్తాడు. పొద్దున మాత్రం ఏమీ ఎరగనట్టు ఉప్మా వద్దని పేచీ. దీని పేరే నైట్ టెర్రర్. నిద్రలేక కళ్లు ఎర్రబడేది అమ్మానాన్నలకే!

పీడకల అనుకున్నారా? సున్నా మార్కులు! పీడకలలు ఎక్కువగా తెల్లవారుజాము సరుకు. ఇది పడుకున్న 1 నుంచి 3 గంటల్లోపు, గాఢనిద్రలో వచ్చేది. కల కాదు, సగం మెలకువ అని 1968లోనే రోజర్ బ్రౌటన్ 'సైన్స్' పత్రికలో రాశాడు. మూడు ఫేజుల్లో ఒక్కటే కరెంటొచ్చిన ఇల్లన్నమాట!

మీకు తెలుసా? కెనడాలోని క్యుబెక్‌లో 1,940 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, ఏడాదిన్నర వయసులో 34.4 శాతం మందికి ఇది కనిపించింది. మీవాడు ఒంటరి కాడండోయ్!

ఉప్పు, మిరపకాయలు దిగదుడిస్తే తగ్గిందా? తగ్గదా మరి! చాలాసార్లు కొద్ది నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. పేరు మిరపకాయలకి!

మరి మీరేం చేయాలి? దాదాపు ఏమీ వద్దు! కుదిపి లేపితే గొడవ పెరుగుతుంది. మంచం మీంచి పడకుండా, గోడకి కొట్టుకోకుండా పక్కన కూర్చోండి, చాలు. నీళ్లు చల్లే బామ్మగారిని మాత్రం ఆపండి!

మీకు తెలుసా? దీనికి మందు అలారం గడియారం! 1988లో బ్రయాన్ లాస్క్ అనే డాక్టరు 19 మంది పిల్లలపై ఈ కిటుకు వాడాడు. అరుపులు ఏ వేళకి మొదలవుతున్నాయో కొన్ని రాత్రులు రాసుకోవాలి. ఆ వేళకి 10, 15 నిమిషాల ముందే లేపి, కాసేపు మేలుకోనిచ్చి, మళ్లీ పడుకోబెట్టాలి. దొంగ రాకముందే లైటేసినట్టు!

పిల్లల్ని రెచ్చగొట్టే అసలు దెయ్యాలేవో తెలుసా? నిద్ర చాలకపోవడం, జ్వరం, నిండిన మూత్రాశయం. చింతచెట్టు నిర్దోషి!

గురక పెడతాడా? కొందరికి టాన్సిల్స్ తీశాక ఈ అరుపులూ ఆగాయి. కాళ్లూ చేతులూ బిగుసుకుని కొట్టుకుంటుంటే మాత్రం జోకులాపి డాక్టరు దగ్గరికే. అది మూర్ఛ కావచ్చు.

చివరి ప్రశ్న! క్యుబెక్‌లో చిన్నప్పుడిలా అరిచిన పిల్లల్లో మూడోవంతు మంది తర్వాత ఏం చేశారు? నిద్రలో నడిచారు! వీధి తలుపుకి పైగడియ ఉందా?