చంకలో బిడ్డ.. చేతిలో నేరం
అయితే దేవత.. లేకుంటే రాక్షసి! హంతకురాళ్ల కథల్లో మామూలు ఆడమనిషికి చోటేదీ?

నాందేడ్: జాతరలో జేబు పోతే జనం కళ్లు నాలుగువైపులా వెతుకుతాయి. చంకలో బిడ్డనెత్తుకున్న ఆడమనిషి మీద మాత్రం ఆగవు. 'పసిపిల్ల తల్లి.. ఆమెకెందుకీ పాడుపని' అని పక్కకు జరిగి దారి కూడా ఇస్తారు. సరిగ్గా ఆ నమ్మకమే పెట్టుబడిగా మహారాష్ట్రలో ముగ్గురు ఆడవాళ్లు ఆరేళ్లపాటు పిల్లల్ని ఎత్తుకెళ్లారు. అవసరం తీరాక కొందరిని చంపేశారు.

ఆ ముగ్గురి మీద తర్వాత సినిమా వచ్చింది. అలాంటి ఆడవాళ్ల మీద ఇంకా ఎన్నో కథలు, డాక్యుమెంటరీలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం చెప్పేది రెండే ముక్కలు. ఆమె రాక్షసి అయినా కావాలి, మగాడి చేతిలో చితికిపోయిన అమాయకురాలైనా కావాలి. ఈ రెంటి నడుమ అసలు సంగతి జారిపోతోంది. దాని ఫలితం తెరమీద ఆగడం లేదు, ఊళ్లలోకీ వస్తోంది.

బిడ్డే కవచం

అంజనాబాయి గావిత్, ఆమె కూతుళ్లు రేణుకా శిందే, సీమా గావిత్. పర్సులు, గొలుసులు కొట్టేయడం వీళ్ల బతుకుతెరువు. ఒకసారి రేణుక దొంగతనం చేస్తూ జనానికి దొరికిపోయింది. చేతిలో చంటిబిడ్డ ఉండటంతో జనం జాలిపడి వదిలేశారు. అక్కడే వాళ్లకు ఉపాయం తట్టింది. బిడ్డ ఉంటే అనుమానం రాదు. వచ్చినా దెబ్బలు పడవు. ఇక 1990 నుంచి 1996 వరకు కొల్హాపూర్, పుణె, ఠాణే, నాసిక్ ప్రాంతాల్లో పిల్లల్ని ఎత్తుకెళ్లి, దొంగతనాలకు వెంట తిప్పుకున్నారు.

కొల్హాపూర్‌లో ఓసారి సీమ పట్టుబడగానే అంజనాబాయి చంకలోని పసివాడిని నేలకేసి కొట్టి జనం చూపు మళ్లించిందని కేసులో నమోదైంది. పిల్లలు పెద్దవాళ్లయి మాటలు నేర్చినా, ఏడుపు మానకపోయినా భారమయ్యేవారు. చివరికి వీరి గుట్టు రట్టు చేసింది ఏ గుంపో కాదు. అంజనాబాయిని వదిలేసిన భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. ఆ రెండో భార్య తన బిడ్డ విషయంలో వీళ్లనే అనుమానించి, పేర్లు పెట్టి ఫిర్యాదు చేసింది. దాంతో 1996లో అరెస్టులు జరిగాయి. రేణుక భర్త అప్రూవర్‌గా మారాడు. 1997లో అంజనాబాయి జైల్లోనే చనిపోయింది.

అక్కాచెల్లెళ్లకు 2001లో కొల్హాపూర్ సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసింది. 2004లో బొంబాయి హైకోర్టు, 2006లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేశాయి. 13 మంది పిల్లల అపహరణ, అయిదుగురి హత్య పైకోర్టుల దాకా నిలిచాయి. ఆడవాళ్లు కావడం తప్ప శిక్ష తగ్గించేందుకు మరో కారణమేదీ కనిపించలేదని సుప్రీంకోర్టు అభిప్రాయపడటం గమనార్హం. 2014లో రాష్ట్రపతి క్షమాభిక్ష తిరస్కరించారు. ఆ నిర్ణయానికి ఏళ్లకేళ్లు జాప్యం జరిగిందన్న కారణంతో 2022 జనవరిలో బొంబాయి హైకోర్టు మరణశిక్షను యావజ్జీవంగా మార్చింది.

పూతన వచ్చినా అంతే

పిల్లల్ని చంపే ఆడది అనగానే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది పూతన. భాగవతం దశమ స్కంధంలోని ఆ కథ పోతన పుణ్యమా అని ఇంటింటికీ తెలుసు. గుడి గోడల మీద శిల్పంగా, భాగవతుల ఆటలో వేషంగా జనం చూస్తూనే ఉన్నారు. కేరళ కథకళిలో 'పూతనామోక్షం' పేరుతో ప్రత్యేకంగా ఓ ఆట్టకథే ఉంది.

బొమ్మల్లో పూతనకు కోరలుంటాయి, విరబోసిన జుట్టుంటుంది. కథలో మాత్రం ఆమె గోకులంలోకి అందమైన ఆడమనిషిగానే వస్తుంది. యశోద, రోహిణి పక్కనే ఉంటారు. ఆమె తీరు చూసి మైమరచిపోయి, బిడ్డను ఎత్తుకుంటుంటే వద్దని అనలేకపోతారు. కోరలు బయటపడేది ప్రాణం పోయేటప్పుడే. అంటే పాత కథకుడికి సంగతి బాగానే తెలుసు. ఆపద వచ్చేది రాక్షసి మొహంతో కాదు, తల్లి మొహంతోనే. తర్వాతి కాలపు బొమ్మలు కోరల్నే పట్టుకుని, ఆ మొదటి మొహాన్ని వదిలేశాయి.

విదేశాల్లోనూ ఇదే తంతు. హంగరీకి చెందిన ఎలిజబెత్ బాథరీ అనే జమీందారిణి పనిపిల్లల్ని హింసించి చంపిందన్న ఆరోపణలపై బందీగా ఉండి 1614లో చనిపోయింది. యవ్వనం కోసం కన్నెపిల్లల నెత్తురుతో స్నానం చేసేదన్న కథ ఆమె బతికున్న నాటి సాక్ష్యాల్లో లేదు. శతాబ్దం దాటాక, 1729లో అచ్చయిన ఓ పుస్తకంతో అది పుట్టుకొచ్చింది. హింసను హింసగా చెబితే చాలలేదు. ఆడదన్నాక అందం పిచ్చి ఉండాలి కదా! ఇప్పుడు జనానికి తెలిసింది ఆ స్నానమే.

మాహుర్ కొండ మీద..

నాందేడ్ జిల్లా మాహుర్‌గడ్ రేణుకాదేవి మహారాష్ట్ర మూడున్నర శక్తిపీఠాల్లో ఒకటి. కిన్వట్, ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు నుంచి తెలుగు భక్తులు ఏటా కొండెక్కుతారు. గర్భగుడిలో కనిపించేది అమ్మవారి ముఖం మాత్రమే. రేణుకే తెలంగాణ పల్లెల్లో ఎల్లమ్మ. సరిహద్దుకు ఇటు గోంధళీలు, అటు బైండ్లవాళ్లు, చిందువాళ్లు ఆమె కథ చెబుతారు. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసేదాకా ఆ వేషానికే పేరు. ఆమె ఎల్లమ్మ వేషం కట్టి వస్తే జనం మొక్కేవారు.

కథ అందరికీ తెలిసిందే. పచ్చి ఇసుకతో కుండ చేసి నీళ్లు మోయగలిగిన పతివ్రత రేణుక. ఏటి ఒడ్డున గంధర్వుడిని చూసి ఒక్క క్షణం మనసు చెదిరింది. కుండ నిలవలేదు. జమదగ్ని ఆన, పరశురాముడి గొడ్డలి, తల్లి తల తెగింది. తర్వాత వరంతో బతికి దేవతయింది. తల్లిని నరికిన కొడుకును ఏ కథా హంతకుడని పిలవదు. ఒక్క ఆలోచనకే ఆడదాని తల తీసి, ఆ తలకే గుడి కట్టింది లోకం. పూతన ఒక కొస అయితే ఇది మరో కొస. ఈ రెంటి మధ్య తప్పూ ఒప్పూ రెండూ చేసే మామూలు ఆడమనిషికి చోటు దొరకదు. హంతకురాలి గురించి కథ రాసేవారైనా, సినిమా తీసేవారైనా ఈ రెండు మూసల్లో ఏదో ఒకటి అందుకుంటున్నారు.

తెరమీద మూడు మూసలు

గావిత్ అక్కాచెల్లెళ్ల కేసు ఆధారంగా 2019లో 'పోషమ్ పా' హిందీ చిత్రం జీ5లో వచ్చింది. దర్శకుడు సుమన్ ముఖోపాధ్యాయ్. తల్లిగా మాహీ గిల్, కూతుళ్లుగా సయానీ గుప్తా, రాగిణీ ఖన్నా నటించారు. పిల్లలు ఆడుకునే పాటనే పేరుగా పెట్టారు. పేర్లు మార్చి తీసిన ఈ కథ తల్లికీ కూతుళ్లకూ మధ్య బంధం చుట్టూ తిరుగుతుంది. చెడ్డతల్లి చేతిలో కూతుళ్లు ఎలా తయారయ్యారన్నదే ప్రశ్న. పోయిన పిల్లల తల్లులు అంచునే ఉండిపోయారు.

2011 నాటి '7 ఖూన్ మాఫ్' ఇంకో మూస. రస్కిన్ బాండ్ కథ ఆధారంగా విశాల్ భరద్వాజ్ తీసిన ఈ చిత్రంలో ప్రియాంకా చోప్రా వరసగా పెళ్లాడుతుంది, మొగుళ్లు వరసగా పోతుంటారు. ఒకడు కొడతాడు, ఒకడు మోసగిస్తాడు. చచ్చినవాళ్లకు తగిన శాస్తే జరిగిందని ప్రేక్షకుడు సర్దుకుపోతాడు.

అమెరికాలో 1989-90లో ఏడుగురు మగవాళ్లను కాల్చి చంపిన ఐలీన్ వుర్నోస్‌కు 2002లో మరణశిక్ష అమలైంది. మరుసటి ఏడాదే 'మాన్‌స్టర్' సినిమా వచ్చింది. ఆ పాత్రకు చార్లిజ్ థెరాన్ ఆస్కార్ అందుకుంది. పేరేమో రాక్షసి అని, కథేమో ఆమె పడిన బాధలు! రెండు మూసలూ ఒకే టికెట్‌కు అన్నమాట. వుర్నోస్ బతుకు నిజంగానే నరకం. అయితే అలాంటి బతుకు బతికిన ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లెవరూ తుపాకీ పట్టలేదు.

మూడో మూస వంటిల్లు. కేరళ కూడతాయి కేసుపై 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో డాక్యుమెంటరీ వచ్చింది. 2019లో అరెస్టయిన మహిళపై నేరం అప్పటికింకా కోర్టులో రుజువు కాలేదు. అయినా పేరు మాత్రం 'కర్రీ అండ్ సైనైడ్'. అన్నం పెట్టే చెయ్యి విషం పెట్టిందా అన్న ఆశ్చర్యమే అక్కడ సరుకు.

కారణం.. డబ్బే

కేసుల్ని దగ్గరగా చూస్తే పురాణం కరిగిపోతుంది. కర్ణాటకలో 'సైనైడ్ మల్లిక'గా పేరుపడిన కెంపమ్మ 1999 నుంచి 2007 మధ్య గుళ్ల దగ్గర దిగులుగా కనిపించిన ఆడవాళ్లతో మాట కలిపేది. కష్టాలు తీరే పూజ చేయిస్తానని, మంచి చీర, నగలు వేసుకుని రమ్మనేది. తీర్థమని సైనైడ్ కలిపి ఇచ్చి నగలు తీసుకుపోయేది. 2007 డిసెంబరు చివర్లో పట్టుబడింది. ఆమె చేతిలో పోయింది దుర్మార్గులైన మొగుళ్లు కారు, కష్టం చెప్పుకున్న ఆడవాళ్లు. 2024 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తెనాలిలో పోలీసులు ముగ్గురు మహిళలను అరెస్టు చేశారు. పరిచయస్తులకు సైనైడ్ ఇచ్చి నగలు, డబ్బు కాజేశారన్నది వారిపై అభియోగం.

గావిత్ కేసులో పర్సులు, కొంత పగ. మల్లిక కేసులో నగలు. యవ్వనం పిచ్చి లేదు, పూనకం లేదు. మగ నేరస్థుడికి ఉండే కారణాలే వీళ్లకూ ఉన్నాయి. తేడా ఒక్కటే. 'ఆడమనిషి కదా' అని ఎదుటివాళ్లు తలుపు తీశారు.

నింద మాత్రం అమాయకుల మీద

ఇక రెండోవైపు. చంపే ఆడదానికి కోరలుంటాయని, కళ్లు వేరేగా ఉంటాయని నమ్మిన ఊరు ఆ గుర్తులు ఎవరిలో వెతుకుతుంది? ఒంటరి వితంతువులో, భిక్షమెత్తే ఆమెలో, ఊరికి కొత్తగా వచ్చిన సంచారజాతి మహిళలో. 2018 జూన్‌లో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న వాట్సాప్ పుకార్లు నమ్మి అహ్మదాబాద్‌లో భిక్షమెత్తే ఒక మహిళను గుంపు కొట్టి చంపింది. అదే ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచారజాతికి చెందిన అయిదుగురిని ఇలాంటి అనుమానంతోనే చంపేశారు. వాళ్లెవరూ పిల్లల దొంగలు కారు.

మరాఠ్వాడా పల్లెలకు, ఆదిలాబాద్, మెదక్ పల్లెలకు ఉమ్మడిగా అంటిన జబ్బు బాణామతి. ఇంట్లో పసిబిడ్డ పోతే, పశువు పడిపోతే 'ఫలానా ముసలామె చేసింది' అన్న మాట పుడుతుంది. 2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దాభోల్కర్ హత్య జరిగాక మహారాష్ట్రలో చేతబడి నిరోధక చట్టం వచ్చింది. చేతబడి చేసిందని ఎవరి మీదైనా ముద్రవేసి వేధిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు, రూ.5 వేల నుంచి రూ.50 వేల దాకా జరిమానా తప్పదు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల తెలుగువారికీ ఈ చట్టమే వర్తిస్తుంది.

లెక్క తేల్చుకుంటే ఇలా ఉంది. పిల్లల్ని నిజంగా చంపినవాళ్లు తల్లుల్లా కనబడి జనం మధ్యే ఆరేళ్లు తిరిగారు. ఏ పాపం తెలియని ఆడవాళ్లు రాక్షసుల్లా కనబడి దెబ్బలు తిన్నారు. రెండూ ఒకే నమ్మకం చేసిన పనులు.

చూడాల్సింది మొహం కాదు

బిడ్డ తప్పిపోతే మొహాలు చూసి అంచనాలు వేయడం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు రాగానే అపహరణగానో, అక్రమ రవాణాగానో భావించి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని 2013 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 'రేపటిదాకా చూద్దాం' అనే వీల్లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. హుజూర్ సాహిబ్ యాత్రికులతో కిటకిటలాడే నాందేడ్ స్టేషన్‌లోనైనా, దసరాకు నిండిపోయే మాహుర్ మెట్ల మీదైనా ఏడుస్తున్న బిడ్డ కనిపిస్తే అడగాల్సింది పక్కనున్నది ఆడా మగా అని కాదు. ఆ బిడ్డ ఎవరి బిడ్డ అని.

గావిత్ ముఠాను పట్టించింది పూనకం కాదు, పుకారు కాదు. తన బిడ్డ కోసం పోలీసు స్టేషన్‌కు వెళ్లిన ఒక మామూలు తల్లి, ఆమె ఇచ్చిన ఫిర్యాదు. ఆమె మీద ఇంతవరకు ఎవరూ సినిమా తీయలేదు.