దొరికినవాళ్లంతా దొంగలు కారు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం 2013 అక్టోబరులో ఒక పెద్ద పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. నిరుద్యోగ బీమా సొమ్ము తీసుకున్నవాళ్లలో ఎవరు మోసం చేశారో తేల్చడం ఆ పని. సుమారు 4.7 కోట్ల డాలర్లతో కట్టిన ఆ వ్యవస్థ పేరు మిడాస్. దాదాపు రెండేళ్లపాటు అది వేలమందికి దొంగలని ముద్ర వేసింది. యంత్రం ఒంటరిగా తేల్చిన కేసుల్లో 22,427ను ఆ బీమాను నడిపే రాష్ట్ర ఏజెన్సీయే తర్వాత తిరగదోడితే 93 శాతం తప్పని బయటపడింది.

ఈ బీమా మన దగ్గర ఎన్నికలప్పుడు వినిపించే నిరుద్యోగ భృతి లాంటిది కాదు. తమ తప్పేమీ లేకుండా ఉన్న ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లకు, మళ్లీ పని దొరికేదాకా వారం వారం ఇచ్చే సొమ్ము ఇది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టంతో మొదలైంది. నిధులు ప్రధానంగా యజమానులు కట్టే పన్నుల నుంచి వస్తాయి. ఫెడరల్ ప్రభుత్వం గీసిన హద్దుల్లో రాష్ట్రాలు దీన్ని నడుపుతాయి. మిషిగన్‌లో అప్పట్లో వారానికి 362 డాలర్లకు మించి ఇచ్చేవాళ్లు కాదు, అదీ గరిష్ఠంగా 20 వారాలే.

ఇంతకీ యంత్రం ఎక్కడ బోల్తా పడింది? ఒక కార్మికుడు జనవరిలో నాలుగు వారాలు పనిచేసి 5,200 డాలర్లు సంపాదించాడనుకుందాం. ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది, బీమాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. యజమాని మాత్రం మూడు నెలల జీతం లెక్క ఒకే మొత్తంగా పంపుతాడు. కంప్యూటర్ ఆ 5,200ను పదమూడు వారాలకూ సమానంగా పంచి, వారానికి 400 చొప్పున రాసుకుంటుంది. ఇంకేముంది, ఖాళీగా కూర్చున్న మార్చిలోనూ అతను జీతం తీసుకుంటున్నట్టే కనిపిస్తాడు. జీతం దాచి బీమా తిన్నాడని అనుమానం పుడుతుంది.

అనుమానం రావడం నేరం కాదు. ఆ తర్వాత నడిచిన తంతే అసలు తప్పు. సంజాయిషీ అడిగే ప్రశ్నలు చాలామందికి ఏజెన్సీ వెబ్‌సైట్‌లోని ఖాతాకే వెళ్లాయి. బీమా ఎప్పుడో ఆగిపోయి కొత్త ఉద్యోగంలో కుదురుకున్న మనిషి ఆ ఖాతా ఎందుకు తెరుస్తాడు? పది రోజుల్లో జవాబు రాకపోతే మోసం రుజువైనట్టే. తీసుకున్న సొమ్ము తిరిగి కట్టాలి, దానికి నాలుగు రెట్లు జరిమానా, ఆపైన ఏడాదికి 12 శాతం వడ్డీ. 3,000 డాలర్లు తీసుకున్నవాడి నెత్తిన వడ్డీ కాక 15,000 పడుతుంది. జీతంలో కోత పడ్డాకో, రావాల్సిన పన్ను రిఫండ్ జప్తయ్యాకో గానీ చాలామందికి సంగతి తెలియలేదు. అప్పటికి అప్పీలు గడువూ దాటిపోయింది.

జరిమానాలు జమయ్యే ఏజెన్సీ నిధి మాత్రం ఆ ఏళ్లలో అనేక రెట్లు పెరిగింది. పైనుంచి చూసేవాళ్లకు అది సమర్థతలాగే కనిపించి ఉంటుంది.

2015లో ఆటో కార్మికుల యూనియన్, బాధితులు ఫెడరల్ కోర్టుకెక్కారు. ఆ ఏడాదే యంత్రం ఒంటరిగా తీర్పులివ్వడం ఆగింది. 2017 చివర్లో చట్టం సవరించి జరిమానాలు తగ్గించారు. ప్రభుత్వం నుంచి నష్టపరిహారం కోరవచ్చని 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పాక, 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

మనిషిని కూర్చోబెడితే సరిపోయేదని అనిపించవచ్చు. అదీ పూర్తి నిజం కాదు. సిబ్బంది ఎంతో కొంత చూసి తేల్చిన కేసుల్లోనూ దాదాపు 44 శాతం తర్వాత తిరగబడ్డాయి. యంత్రం అందించిన కాగితాన్నే చూసి సంతకం పెట్టే మనిషి ఆ యంత్రానికి పొడిగింపే అవుతాడు.

కథ అక్కడితో అయిపోలేదు. కోవిడ్ కాలంలో ఇదే ఏజెన్సీ గుమ్మం ముందు దరఖాస్తులు వరదలా వచ్చి పడ్డాయి. త్వరగా ఇవ్వాలన్న ఒత్తిడిలో తనిఖీలు సడలాయి. మోసపు దరఖాస్తులకు పోయిన సొమ్ము 850 కోట్ల డాలర్ల దాకా ఉండవచ్చని డెలాయిట్ సంస్థ అంచనా వేసింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెతను తిరగరాసినట్టయింది: మొదట దొంగలు కానివాళ్లు దొరికారు, తర్వాత దొంగలే దొరకలేదు.

ఈ రెండు వైఫల్యాలకూ మూలం ఒకటే. ఒకసారి వసూళ్లు, మరోసారి వేగం: ఎప్పుడూ ఒక్క అంకెనే చూశారు. అనర్హులకు పోయింది ఎంత, అర్హులకు ఆగింది ఎంత అని రెండు పద్దులూ పక్కపక్కన రాస్తేనే పర్యవేక్షణ అవుతుంది. అందుకు కొన్ని కట్టుబాట్లు కావాలి. యంత్రం అనుమానించవచ్చు గానీ తీర్పు చెప్పకూడదు. నోటీసు మనిషికి అందిందని తేలాకే గడువు మొదలవ్వాలి. కావాలని మోసం చేశాడని రుజువు చేసే భారం ప్రభుత్వానిదే కావాలి. జరిమానా సొమ్ము దాన్ని విధించే కార్యాలయానికి చేరకూడదు. తేల్చిన కేసుల్లోంచి కొన్నింటిని బయటి ఆడిటర్లు ప్రతి ఏటా తిరిగి చూడాలి.

ఇది దూరదేశపు గొడవేమీ కాదు. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. నోటీసు కూడా ఇవ్వకుండా కంప్యూటర్ లెక్కతో తీసేశారన్నదే అక్కడి ఫిర్యాదు. బోగస్ లబ్ధిదారులను ఏరేసి ఇన్ని కోట్లు మిగిల్చామని ఏ ప్రభుత్వమైనా ప్రకటించినప్పుడు, ఆ ఏరివేతలో ఎందరు అర్హులు పోయారో కూడా చెప్పమని సభలో ఒక్కరైనా అడగాలి. ఆ రెండో అంకె తమ దగ్గర లేదంటే, మొదటి అంకెనూ నమ్మనక్కర్లేదు.