కూలిన విమానములో పనికివచ్చున దెంత?

2022 ఫిబ్రవరి 26వ తేదీ ఉదయమున నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమందలి తుంగతుర్తి గ్రామ పొలములలో ఒక చిన్న శిక్షణ విమానము కూలిపోయినది. కృష్ణకు ఆవలి ఒడ్డున, నాగార్జునసాగరు ప్రక్కనున్న విజయపురి సౌత్ నుండి ఎగిరిన సెస్నా 152 రకపు విమాన మది. అందులో ఒంటరిగా ఎగురుచుండిన శిక్షణార్థి మరణించినారు. అంతకు రెండేండ్లకు పైగా ముందు, 2019 అక్టోబరు 6వ తేదీన, పాలమూరు సీమకు ఉత్తరముగా నున్న వికారాబాదు జిల్లా బంటారం మండలములో సెస్నా 172 రకపు విమానము కూలి ఇరువురు శిక్షణార్థులు మరణించినారు.

ఇట్టి ప్రమాదము జరిగినపుడు చుట్టుప్రక్కల గ్రామములవారు దుఃఖముతో చూతురు. పిమ్మట ఒక ప్రశ్న సహజముగా పుట్టును. మన వైపున లారీ బోల్తాపడినచో దాని ఇంజను ఒక లారీకి, గేరుపెట్టె మరియొక లారీకి, చక్రములు వేరొక బండికి పోవును. కాలిపోయిన బావి మోటారుకు తీగ మరల చుట్టించి నీరు తోడుకొందుము. మరి లక్షల రూపాయల వెలగల విమానపు సామాను మాట యేమి? అందులో నేది మరల గాలిలోని కెగురును, ఏది ఎగురరాదు?

కొంత ఎగురును. కాని లారీ సామానునకు లేని చిక్కు ఒకటి ఇందులో కలదు. దారిలో లారీ ఇరుసు విరిగినచో బండి ప్రక్కకు ఒరిగి ఆగును. గాలిలో ఆగుటకు చోటు లేదు. కనుక కూలిన విమానపు భాగమును చేతబట్టినవాడు “ఇది బాగుగా కనబడుచున్నదా?” అని కాక, “దీనికి ఏమియు కాలేదని ఋజువు ఉన్నదా?” అని అడుగవలెను.

ఋజువు సంగతికి ముందు మరియొక సంగతి. కూలిన విమానము సామాను కుప్ప కాకమునుపు సాక్షి. మన దేశములో విమాన ప్రమాదములను విచారించుటకు 2012లో ప్రత్యేకముగా ఒక సంస్థ నేర్పరచినారు. విమాన ప్రమాద పరిశోధన సంస్థ అనవచ్చును. ఆ సంస్థ అనుమతి లేక శకలములను కదల్చుట నిషిద్ధము. ప్రాణరక్షణ వంటి కొన్ని అవసరములకు మాత్రమే మినహాయింపు. పిల్లలు వింతకొరకు జేబులో వేసికొనిపోవు చిన్న దీపపు బుడ్డి యేమి చెప్పగలదో చూడుడు. విమానము నేలను తాకు క్షణమున ఆ దీపము వెలుగుచుండినచో, వేడెక్కి మెత్తబడిన దాని లోపలి తీగ సాగి వంకరలు పోవును. ఆరియున్నచో చల్లని తీగ పుటుక్కున విరుగును. ప్రమాద సూచిక దీపము వెలిగినదా లేదా అనునది ఆ తీగయే చెప్పును. వేగమాపకపు ముల్లు తాకిడికి వెనుకనున్న పళ్లెమును కొట్టి, తనకు పూసిన రంగును అక్కడ సన్నని మచ్చగా అంటించి పోవును. ఆ మచ్చ యే అంకె వద్ద నున్నదో చూచి ఆనాటి వేగమును చదువుదురు. ప్రొపెల్లరు రెక్కలు మెలితిరిగి, వాటిపై అడ్డముగా గీతలు పడియున్నచో ఇంజను బలముతో తిరుగుచుండెననియు, ఒక రెక్క ఊరక వెనుకకు వంగి మరియొకటి చెక్కుచెదరనిచో ఇంజను ఆగియుండుననియు ఊహింతురు. ఆ వంగిన రెక్క మరల విమానమునకు పనికిరాదు. అయినను ఆ దినమున దానికంటె విలువైనది ఆ పొలములో వేరొకటి యుండకపోవచ్చును.

విచారణ ముగిసి శకలములను విడిచిపెట్టిన తరువాత అవి యజమానికి చేరును. బీమా సంస్థ నష్టపరిహారము పూర్తిగా చెల్లించినచో సాధారణముగా దాని హక్కులోనికి పోవును. అక్కడనుండి పాత విమానములను కొని విప్పి అమ్ము వర్తకుల చేతికి వచ్చును. అమెరికాలో ఇది పెద్ద వ్యాపారము. ఇంత శ్రమ ఎందుకనగా, సెస్నా 152 తయారీ 1985లోనే నిలిచిపోయినది. ఆ రకపు విమానములలో నేడు ఎగురుచున్నవన్నియు నలుబదేండ్లు నిండినవో, నిండవచ్చినవో. ఇద్దరు కూర్చుండునది, మనుష్యులతోను ఇంధనముతోను కలిపి 757 కిలోగ్రాములు మించని బరువు, 110 అశ్వశక్తుల ఇంజను - విద్య నేర్పుటకు చక్కని బండి. కాని తలుపో, తోకరెక్కయో చెడినపుడు కొత్తది దొరకుట కష్టము, దొరకినను ధర మిక్కుటము. చనిపోయిన తోటి విమానపు అవయవమే దానిని బ్రదికించును.

ఇక విప్పువాని పని. అతడు మొదట చూచునది విరిగిన భాగమును కాదు, దెబ్బ ఏ దారిన ప్రయాణించినదను సంగతిని. ఎడమ రెక్క చివర చెట్టును తాకినదనుకొందము. చివర నలిగినది, అది కంటికి కనబడును. కాని తాకిన క్షణమున రెక్క పొడవంతయు ఒక గడ్డపార వలె పనిచేసి, మొదట్లో దానిని దేహమునకు బిగించిన బోల్టులను పెకలించ జూచును. ఆ బలము పైకప్పు అడ్డదూలము గుండ కుడిరెక్క మొదలు వరకు పోవును. కుడిరెక్క నున్నగా మెరయుచుండవచ్చును. దాని కుదుళ్లలో బోల్టు రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమునకు సాగియుండవచ్చును. రివెట్ల వరుసలో ఒకటి రెండు తలలు వాలుట, రంగు సన్నగా పగులుట, రేకుపై అలలవంటి ముడుతలు - ఇవి దెబ్బ నడచిన అడుగుజాడలు. జాడ పట్టిన దారిలోని భాగములన్నియు అనుమానితములు. దారికి దూరముగా నున్న కుడి తలుపు, తోకవైపు చుక్కాని, కిటికీ అద్దము, చక్రము, బ్రేకు, రేడియో పెట్టె - వీనిలోనే తరచుగా మంచి సామాను దొరకును. కూర్చుండు పీఠముల నడికట్లు మాత్రము చూచుటకు చెక్కుచెదరకున్నను పారవేయవలసినదే. మనిషి బరువును ఒకమారు ఆపిన పట్టీ నూలు లోలోపల సాగియుండును. రెండవమారు ఆపునను నమ్మకము లేదు.

లోహములో పుట్టిన నెర్రను కన్ను చూడలేదు. తీగను వంచి, నిక్కించి, వంచి, నిక్కించి చివరకు తెంపిన ప్రతి పిల్లవానికి తెలిసిన సంగతియే ఇది: తెగుటకు ముందటి వంపు వరకు తీగ పైకి బాగుగనే యుండును. లోహపు అలసట అనునది ఇదియే. పెద్ద దెబ్బ తిన్న భాగములో ఆ అలసటకు ఆరంభమైన సన్నని బీట దాగియుండును. కుమ్మరి వద్ద కుండను కొను ఇల్లాలు దానిని తట్టి చప్పుడు వినును. అనుమానమున్న నీరు పోసి చెమ్మ పైకి ఊరునేమో చూచును. విమానశాలలో రంగుద్రవ పరీక్షకు సూత్రము దాదాపు అంతే. శుభ్రపరచిన భాగముపై పలుచని రంగుద్రవము పూసి, బీటలోనికి దిగనిచ్చి, పైదానిని తుడిచి, తెల్లని పొడి చల్లుదురు. బీటలో దాగిన రంగు పొడిలోనికి పీల్చబడి ఎర్రని వెంట్రుకవలె బయటపడును. ఉక్కు భాగములను అయస్కాంతముగా మార్చి సన్నని ఇనుప పొడి కలిసిన ద్రవము పోసినచో, పొడి బీట వెంబడి బారుతీరి నిలుచును. లోతున దాగిన వానికి సుడివిద్యుత్తు, అతిధ్వని తరంగములు, ఎక్సుకిరణములు కలవు.

మంట తగిలిన విమానమైనచో కథ వేరు. రెక్కలకు వాడు అల్యూమినియపు మిశ్రలోహమునకు బలమంతయు కర్మాగారములో దానికి చేసిన పాకమునుండి వచ్చినది. 200 డిగ్రీలకు మించిన వేడిలో కొంతసేపున్నచో కరగకయే, వంగకయే ఆ పాకము చెడును. రేకు అదే రేకు. బలము మాత్రము కొంత హరించుకొనిపోవును. అందుచేత రంగు పొక్కిన చోటు, నల్లబడిన చోటు కనబడినచో దాని కఠినతను, విద్యుద్వాహకతను కొలిచిగాని ముట్టుకొనరు.

ఇంజనును గూర్చి అమాయకముగా మోసపోవువారు పెక్కుమంది. కూలిన విమానములో అన్నిటికంటె వెలగలది అదియే. పైకి నూనె మరకలు తప్ప ఏమియు కనబడదు. కాని ప్రొపెల్లరు తిరుగుచు నేలను తాకినదనగా ఆ తిరుగుడు ఒక్క క్షణములో అణగి ఇంజను గర్భములోనికి దెబ్బగా దిగినది. సెస్నా 152లోని లైకమింగు ఇంజనులో ప్రొపెల్లరును నేరుగా క్రాంక్‌షాఫ్టునకే బిగింతురు, నడుమ మెత్తని అడ్డుపొర ఏదియు లేదు. క్రాంక్‌షాఫ్టు వెనుక చివర ఒక పండ్లచక్రము, దానిని పట్టియుంచుటకు ఒకే బోల్టు. నిప్పురవ్వ పుట్టించు మాగ్నెటోలను, కవాటములను తెరచు కామ్‌షాఫ్టును, నూనె పంపును నడుపునది ఆ చక్రమే. దెబ్బకు ఆ బోల్టు సడలినచో ఇంజను అప్పుడాగదు. ఎన్నో గంటలు చక్కగా తిరిగి తిరిగి ఏదో ఒకనాడు చెరువు మీదనో గుట్ట మీదనో ఒక్కమారుగా నిలిచిపోవును. ఈ భయముచేతనే అమెరికా విమానయాన అధికారులు 2004లో ఒక ఆదేశము నిచ్చిరి: ప్రొపెల్లరు దెబ్బతిన్న లైకమింగు ఇంజనులలో ఆ చక్రమును, బోల్టును తప్పక విప్పి పరీక్షింపవలెను. ఇంజను మొత్తమును విప్పి చూడుడని తయారీదారు చెప్పును. నా అభిప్రాయములో కూలిన ఇంజనును ఇంజనుగా కొనరాదు. పరీక్షకు నిలిచిన సిలిండర్లు, కార్బురేటరు, స్టార్టరు - ఇట్లు విడివిడిగా కొనవలెను.

హెలికాప్టరులో ఈ బాధ పదిరెట్లు. 2002 మార్చి 3వ తేదీన లోకసభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారిని బలిగొన్నది బెల్ 206 రకపు హెలికాప్టరు. ఆ రకములో రెండు రెక్కల చక్రము నిముషమునకు 394 మారులు తిరుగును. దాని వ్యాసము పది మీటర్లకు పైన. లెక్కవేసినచో రెక్క కొన వేగము గంటకు సుమారు 750 కిలోమీటర్లు! ఆ వేగమున రెక్క నేలను కొట్టినపుడు దెబ్బ రెక్కతో ఆగునా? రెక్కలను పట్టుకొన్న నడితల, దాని క్రింది స్తంభము, గేరుపెట్టె, అక్కడనుండి తోకవరకు పోవు పొడవైన తిరుగుడు కడ్డీ, చివర తోకచక్రము - అన్నియు ఒకే గొలుసు. గొలుసు నొకచోట గుంజిన ప్రతి లంకెయు గుంజబడును. అందువలన నేలపై మెల్లగా ప్రక్కకు ఒరిగిపోయిన హెలికాప్టరులో గాజు పగులకపోయినను తిరుగు భాగములు దాదాపు అన్నియు సంశయములోనే పడును. ఇక బాలయోగి గారి హెలికాప్టరు కైకలూరు ప్రాంతములో పడినది చేపల చెరువులో. హెలికాప్టరు గేరుపెట్టెలకు తేలికదనము కొరకు తరచుగా మెగ్నీషియపు మిశ్రలోహము వాడుదురు. నీరు, అందులోను ఉప్పునీరు, దానికి చెదపురుగు వంటిది.

పాలమూరునకు దక్షిణమున కృష్ణ దాటిన నల్లమలలో, 2009 సెప్టెంబరు 2వ తేదీన కూలిన ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు బెల్ 430. రెండు ఇంజనులు, నాలుగు రెక్కలు గలది. తాకిడికి మంట తోడైనది. అట్టిచోట విడిభాగముల మాట యెత్తవలసిన పనియే లేదు. అడవినుండి ఏరి తెచ్చునది కారణమును వెదకుటకే.

హెలికాప్టరు భాగములకు మరియొక నియమము కలదు. వాటిలో పెక్కింటికి ఆయువు ముందే వ్రాసియుండును. రాబిన్సన్ ఆర్44 అను చిన్న హెలికాప్టరు రెక్కలు 2,200 గంటలు ఎగిరినను, 12 ఏండ్లు నిండినను - రెండింటిలో ఏది ముందైన అపుడు - తీసివేయవలెను. ఎన్ని గంటలు ఎగిరినదో తెలియని రెక్క వెల ఎంత? సున్న. అది నిన్న చేసినట్లు తళతళలాడుచున్నను సున్నయే. కనుక విప్పువాడు భాగముతో పాటు దాని చరిత్ర పత్రమును జాగ్రత్తగా తీయవలెను: క్రమసంఖ్య, ఎగిరిన గంటలు, ఎప్పుడెచట మరమ్మతైనదో, ఏ ప్రమాదమునుండి వచ్చినదో. దానిని పరీక్షించి, ఆమోదము గల మరమ్మతుశాల సంతకము చేసి విడుదల పత్రము నీయవలెను. మన దేశములో దానిని సి.ఏ. ఫారం 1 అందురు. ఆ కాగితము లేని భాగము విమానమునకు సంబంధించినంత వరకు పాత ఇనుమే.

ఇది అధికారుల చాదస్తమనుకొనువారు రెండు సంగతులు వినవలెను. 1989 సెప్టెంబరు 8వ తేదీన నార్వేనుండి జర్మనీకి పోవుచున్న పార్ట్‌నేర్ సంస్థ కాన్వేరు విమానము డెన్మార్కు సముద్రములో కూలి అందలి 55 మందియు మరణించిరి. తోకమీది నిలువు రెక్కను బిగించిన బోల్టులలో కొన్ని నాసిరకపు నకిలీవని విచారణలో తేలినది. రెండవది 1995 డిసెంబరు 20వ తేదీన కొలంబియాలోని కాలీ నగర సమీపమున కొండను తాకిన అమెరికను ఎయిర్‌లైన్స్ బోయింగు 757. 159 మంది మరణించిన ఆ కొండమీదికి దొంగలు ఎక్కి విమాన భాగములను విప్పుకొనిపోయిరి. అవి కొంతకాలమునకు అమెరికాలోని మయామీ దొంగ బజారులో అమ్మకమునకు కనబడినవి. ఆ భాగముల జాబితాను ప్రకటించి లోకమునంతటిని హెచ్చరింపవలసి వచ్చినది.

అందుకే పనికిరాని భాగమును పారవేయుట కూడ ఒక పనియే. మంచి భాగమును ఏరుట కెంత శ్రద్ధ కావలెనో, చెడ్డదానిని చంపుట కంత శ్రద్ధ కావలెను. రంగు పూయుట, చీటీ కట్టుట, “పనికిరాదు” అని ముద్ర కొట్టుట, చిన్న రంధ్రము చేయుట, సుత్తితో సొట్ట పెట్టుట - ఇవేవియు చాలవని అమెరికా అధికారుల సూచన. రంగు గీకవచ్చును, రంధ్రము పూడ్చవచ్చును. రెండుగా కోసిన దానిని సైతము నేర్పరియైన పనివాడు అతికి, ఆకురాయి పట్టి, సంతకు పెట్టగలడు. కుదుళ్లను పూర్తిగా అరగదీయుట, పెక్కు ముక్కలుగా కోయుట, కరగించుట - ఇవియే నమ్మదగినవి. కరగిన అల్యూమినియము గిన్నెయైనను కావచ్చును, తలుపు చట్రమైనను కావచ్చును. ఆ చట్రమునకు మాత్రము ఎవరును చరిత్ర పత్రము అడుగరు.