వేడినీటి మడుగుల వన్నెలు

అమెరికాలో 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయోద్యానమున భూగర్భపు వేడిమికి కాగిన నీరు మడుగులుగా నిలుచును. ఇరుకు దారులలో చిక్కిన చోట ఆవిరి ఒత్తిడిచే నింగికెగజిమ్మును.

ఈ మడుగుల అంచులందు మనము చూచు పసుపు, నారింజ వన్నెలు రాళ్లవి కావు. ఉడుకునీట బ్రతుకు సూక్ష్మజీవులవి. సుమారు 73 సెంటీగ్రేడు డిగ్రీలు మించిన నీట ఆ రంగుజీవులు నిలువజాలవు. కావుననే అతివేడియగు నడిమి నీరు స్వచ్ఛమై నీలముగా తోచును.

మార్నింగ్ గ్లోరీ అను మడుగులో సందర్శకులు నాణెములు, రాళ్లు విసరిరి. ఊటదారి కొంత పూడినది, నీరు చల్లబడినది, పసుపువన్నె లోనికి ప్రాకి నీలము తరిగినది.

అచట నేలపొర పలుచన, దాని క్రింద మరుగునీరు. కొయ్యబాట దాటినచో మన ప్రాణమునకు ముప్పు. మనమొక నాణెము విసరినచో మడుగునకు ముప్పు.